దక్షిణాఫ్రికాకు ప్రయాణమగువారు ముందుగా తెలిసికొనవలసిన సంగతులు

(ఉస్మాన్‌గంజ్ ప్రాంత సభ్యుల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



మన సభ్యులలో కొందరు దక్షిణాఫ్రికా దేశమునకు వెళ్ళుటకు సిద్ధపడుచున్నారు. కొందరికి అక్కడ ఉద్యోగము చేయుచున్న పిల్లలున్నారు. కొందరు ఒక్కసారి చూచి రావలెనని డబ్బు కూడబెట్టుకొన్నారు. వెళ్ళకముందు తెలిసికొనవలసిన ముఖ్య సంగతులను చెప్పుమని మన కూటపు పెద్దలు నన్ను కోరినారు. టికెట్లు కొనిపెట్టువారు చెప్పగలిగిన సంగతులు కొన్ని కలవు, వారు చెప్పలేనివి మరికొన్ని కలవు. మొదటివి తెలియకపోయిన మనకు కష్టము, నష్టము కలుగును. రెండవవి తెలియకపోయిన మన వలన ఇతరులకు గాయము కలుగును. కావున రెండును చెప్పుదును. కొంచెము ఓపికతో వినవలెనని మనవి.

దేశమును గూర్చి

దక్షిణాఫ్రికా అనగా ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగమంతయు కాదు. అది ఒక ప్రత్యేక దేశము. దాని విస్తీర్ణము 12 లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా నున్నది; మన భారతదేశములో మూడవ వంతు కంటె కొంచెము ఎక్కువ. 2022 జనాభా లెక్కల ప్రకారము ప్రజలు ఇంచుమించు 6 కోట్ల 20 లక్షలు. వీరిలో నూటికి 81 మంది నల్లజాతివారు, 8 మంది మిశ్రమ సంతతివారు, 7 మంది తెల్లవారు. భారత సంతతివారు నూటికి మూడు కంటె తక్కువ, అనగా సుమారు 17 లక్షలు. నూటికి 85 మంది తాము క్రైస్తవులమని ఆ లెక్కలలో చెప్పుకొన్నారు.

ఆ దేశమునకు తొమ్మిది రాష్ట్రములు, మూడు రాజధానులు. పరిపాలన ప్రిటోరియాలోను, చట్టసభ కేప్‌టౌనులోను, అప్పీళ్ళ ఉన్నత న్యాయస్థానము బ్లూమ్‌ఫాంటైనులోను ఉండును. జొహనెస్‌బర్గ్ అన్నిటికంటె పెద్ద నగరమైనను రాజధాని కాదు. రాజ్యాంగ న్యాయస్థానము మాత్రము అక్కడ నున్నది.

మన గడియారము కంటె వారి గడియారము మూడున్నర గంటలు వెనుక. ఋతువులు తారుమారు. మనకు డిసెంబరు చలికాలమైన వారికి ఎండాకాలము. క్రిస్మస్ పండుగ ఉక్కపోతలో వచ్చును. జూను, జూలై, ఆగస్టు మాసములు వారికి చలికాలము. జొహనెస్‌బర్గ్ సముద్రమట్టమునకు 1,700 మీటర్లకు పైన నున్నందున చలికాలపు రాత్రులు మన ఎముకలు కొరికివేయును. డర్బనులో మాత్రము చలి స్వల్పము. కేప్‌టౌనులో చలికాలమందే వానలు పడును. "ఆఫ్రికా కదా, ఎండలే యుండును" అనుకొని పలుచని బట్టలతో జూలైలో దిగినవారు మొదటి రాత్రియే కంబళి వెదకుకొనవలసి వచ్చును.

ప్రయాణపు ఏర్పాట్లు

మన పాస్‌పోర్టు గలవారు బయలుదేరకముందే అనుమతి సంపాదించుకొనవలెను. పాస్‌పోర్టు గడువు మీరు ఆ దేశము విడిచిన తరువాత కనీసము 30 దినములు మిగిలియుండవలెను. ఖాళీ పుటలు రెండైనను ఉండవలెను. నియమములు మారుచుండును గనుక టికెట్టు కొనకముందే రాయబార కార్యాలయపు ప్రకటన చూచుకొనుడి.

పచ్చజ్వరము టీకాను గూర్చి చాలమంది అశ్రద్ధ చేయుదురు. దక్షిణాఫ్రికాలో ఆ జ్వరము లేదు. కాని మన విమానము ఇథియోపియాలోని అడిస్ అబాబా మీదుగా గాని, కెన్యాలోని నైరోబీ మీదుగా గాని పోయిన యెడల, ఆ దేశములు పచ్చజ్వరపు జాబితాలో ఉన్నవి. అక్కడ ఆగిన కాలమును బట్టి దక్షిణాఫ్రికావారు పత్రము అడుగవచ్చును. తిరిగి వచ్చునప్పుడు మన దేశమువారు మరింత కఠినముగా అడుగుదురు. పత్రము లేనివారిని వేరుగా ఉంచు అధికారము వారికి కలదు. టీకా వేయించుకొన్న పది దినముల తరువాతనే పత్రము చెల్లుబాటగును. వృద్ధులు తమ వైద్యుని అడిగి మరీ వేయించుకొనవలెను.

మలేరియా దేశమంతట లేదు. ఈశాన్యపు సరిహద్దులలోను, అడవి మృగములను చూచుటకు వెళ్ళు క్రూగర్ వనములోను కలదు. డర్బను, జొహనెస్‌బర్గ్, కేప్‌టౌను నగరములలో లేదు.

నాణెము పేరు రాండ్. ఒక రాండ్‌కు నూరు సెంట్లు. గత కొన్ని సంవత్సరములుగా ఒక రాండ్ వెల మన నాలుగు నుండి ఆరు రూపాయల మధ్య తిరుగుచున్నది. కరెంటు మన దేశములో వలెనే 230 వోల్టులు. ప్లగ్గు మాత్రము మన ఇండ్లలో గీజరుకు వాడు లావుపాటి మూడు పుల్లల ప్లగ్గు వంటిది. ఫోను చార్జరుకు సరిపడు అడాప్టరు ఇక్కడనే కొనుక్కొని పోవుట మంచిది. వాహనములు మనవలెనే ఎడమ ప్రక్క నడచును. దారి అడిగినప్పుడు "రోబోట్ దగ్గర కుడికి తిరుగుడి" అని చెప్పిన యెడల కంగారు పడకుడి. ట్రాఫిక్ సిగ్నలు దీపమును వారు రోబోట్ అందురు. "జస్ట్ నౌ వచ్చెదను" అని చెప్పినవారు వెంటనే వత్తురని ఎదురు చూడకుడి. అక్కడ ఆ మాటకు కొంతసేపటికి అని అర్థము. ఈ విషయములో వారు మన పెండ్లి ఇండ్లవారికి దగ్గరి చుట్టములు.

భద్రతను గూర్చి దాచకుండ చెప్పవలెను. 2022-23 సంవత్సరములో ఆ దేశములో 27 వేలకు పైగా హత్యలు జరిగినవి. ప్రపంచములో ధనికులకు, పేదలకు మధ్య అంతరము మిక్కిలి ఎక్కువగా నున్న దేశములలో అది మొదటి వరుసలో నిలుచును. పని లేని యువకులు లక్షల కొలది యున్నారు. కావున చీకటి పడిన తరువాత నడచి తిరుగకూడదు. మన స్త్రీలు నగలు ఇంటి వద్ద విడిచి వెళ్ళవలెను. కారులో సంచి పైకి కనబడునట్లు ఉంచకూడదు. డబ్బు తీయు యంత్రము వద్ద క్రొత్తవారి సహాయము పుచ్చుకొనకూడదు. పోలీసు నంబరు 10111, అంబులెన్సు 10177, సెల్‌ఫోను నుండి 112. ఈ మూడును కాగితము మీద వ్రాసి జేబులో పెట్టుకొనుడి. ఇంత చెప్పినను, భయముతో గది తలుపులు మూసికొని కూర్చొనుడని నా భావము కాదు. ఆ దేశపు సామాన్య ప్రజలు అతిథిని ఆదరించువారు.

మన వారు అక్కడికి ఎట్లు వెళ్ళిరి

ఇప్పుడు టికెట్టు అమ్మువారు చెప్పని సంగతులకు వచ్చెదను.

1652లో డచ్చివారు కేప్ రేవులో దిగిరి. తరువాత ఆంగ్లేయులు వచ్చి, తూర్పు తీరమందలి నేటాలును 1843లో తమ రాజ్యములో కలుపుకొనిరి. అక్కడి నేలలో చెరకు బాగుగా పండెను. తోటలలో పనిచేయుటకు జూలూ ప్రజలు తమ పశువులను, పొలములను విడిచి రాలేదు. అప్పుడు దొరలు మన దేశము వైపు చూచిరి. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ మద్రాసు నుండి 342 మందితో డర్బను రేవు చేరినది. అది మొదలు 1911 వరకు 1,52,184 మంది ఒప్పందపు పనివారుగా వెళ్ళిరి. మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుండి ఓడ యెక్కినవారే. వారిలో విశాఖపట్నము, గోదావరి, గంజాం, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు వేలాదిగా నుండిరి. నైజాము రాజ్యము ఆంగ్లేయుల నేరుపాలనలో లేనందున మన తెలంగాణ ప్రాంతము నుండి వెళ్ళినవారు తక్కువ.

ఒప్పందము ఐదు సంవత్సరములు. మొదటి సంవత్సరపు జీతము నెలకు పది షిల్లింగులు, ఆ మీద ఏటికొక షిల్లింగు పెరుగును. సెలవు చీటి లేక తోట దాటినవానికి శిక్ష. గడువు తీరిన తరువాత అక్కడ స్వేచ్ఛగా నివసింపగోరిన వారిపై 1895 చట్టము సాలుకు మూడు పౌనుల పన్ను విధించినది. మొదటి సంవత్సరపు జీతము లెక్కన ఆరు నెలల సంపాదన పన్నుకే పోయినప్పుడు కుటుంబము ఏమి తినును? పన్ను కట్టలేనివాడు మరల ఒప్పందములో చేరవలెను, లేదా ఓడ యెక్కవలెను. ఆ చట్టపు ఉద్దేశమదియే. 1913లో గాంధీగారి నాయకత్వమున బొగ్గు గనులలోను, చెరకు తోటలలోను పనివారు సమ్మె చేయగా, 1914లో ఆ పన్ను రద్దయినది. గాంధీగారి పేరు లోకమెరుగును. తుపాకులకు, కొరడాలకు ఎదురు నిలిచిన ఆ తోట పనివారిలో మన తెలుగు తల్లులు, తండ్రులు కూడ ఉండిరని మనలో ఎందరెరుగుదురు?

నెల్లూరు నుండి వెళ్ళిన మిషనెరీ

వెళ్ళినవారిలో క్రైస్తవులును గలరు. 1840లో నెల్లూరులో ఆరంభమైన అమెరికను బాప్టిస్టు మిషను పనివలన, ముఖ్యముగా 1876-78 కరవు తరువాత, నెల్లూరు ఒంగోలు ప్రాంతములలో వేలాదిమంది బీదలు ప్రభువును నమ్ముకొనిరి. 1878 జూలై 3న వెలుంపల్లి వద్ద ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారి బిడ్డలలో కొందరు కూటికొరకు నేటాలు ఓడలెక్కిరి. అక్కడ వారికి పని దొరికెను గాని కాపరి దొరకలేదు. కాపరిని పంపుమని స్వదేశపు సంఘములను వేడుకొనిరి.

ఇక్కడి తెలుగు బాప్టిస్టు సంఘములు తమ సొంత హోం మిషనెరీ సొసైటీ ద్వారా 1903లో రెవరెండ్ జాన్ రంగయ్యగారిని భార్యాబిడ్డలతో నేటాలుకు పంపినవి. దొరల సొమ్ముతో కాదు, మన బీద సంఘముల కానుకలతో. ఆ సంవత్సరాంతమునకే కీర్స్‌నీ అను తేయాకు తోటలో తెలుగు బాప్టిస్టు సంఘము స్థాపింపబడెను. తోట నుండి తోటకు, బొగ్గు గనుల ఊరైన డండీ వరకు ఆయన తిరిగి, సంఘములు కట్టి, 1915లో ఆ దేశమందే కన్నుమూసెను.

ఆ సంవత్సరమును మరల జ్ఞాపకము చేసికొనుడి: 1903. అదే సంవత్సరము ఫిబ్రవరి 12న తిరునెల్వేలిలోని తమిళ క్రైస్తవులు ఇండియన్ మిషనెరీ సొసైటీ నేర్పరచిరి. ఆ సొసైటీ సేవకులే నైజాము రాజ్యములోని దోర్నకలుకు వచ్చి మన తెలుగువారికి సువార్త చెప్పిరి. తమిళ సంఘము మనకు ఇచ్చుచున్న దినములలోనే తెలుగు సంఘము ఆఫ్రికా తీరమునకు ఇచ్చుచుండెను. శతాబ్ది పండుగలు జరుపుకొనునప్పుడు మనము పుచ్చుకొన్నది లెక్కించుకొందుము. ఇచ్చినది కూడ కొంత కలదని తెలిసికొనుట గర్వము కొరకు కాదు. బీదలు కూడ ఇయ్యగలరను ధైర్యము కొరకు.

కావున నా విన్నపమిది. మీరు కేప్‌టౌను కొండను, క్రూగర్ సింహములను చూడుడి, తప్పు లేదు. కాని రెండు దినములు డర్బను కొరకు ఉంచుకొనుడి. డర్బనుకు ఉత్తరముగా ఇంచుమించు 70 కిలోమీటర్ల దూరములో క్వాదుకూజా అను ఊరున్నది. పూర్వము దాని పేరు స్టాంగర్. జూలూ రాజైన షాకా 1828లో అక్కడనే హతుడాయెను. ఆయన స్మారకము అక్కడ నున్నది. అక్కడి నుండి లోపలికి పోయిన కీర్స్‌నీ వచ్చును. ఆ సమీపముననే గ్రూట్‌విల్ అను మిషను గ్రామము కలదు. అది ఆల్బర్ట్ లుథులీగారి ఊరు. ఆయన తమ సంఘములో పనిచేసిన భక్తుడు. 1938లో మద్రాసు వద్ద తాంబరములో జరిగిన అంతర్జాతీయ మిషనెరీ సభకు ప్రతినిధిగా మన దేశము వచ్చినవాడు. తరువాత ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెసు అధ్యక్షుడై, 1960వ సంవత్సరపు నోబెల్ శాంతి బహుమానము పొందెను. తెలుగువాని చెరకు తోటయు, జూలూవాని గ్రామమును అట్లు పక్కపక్కనే యున్నవి.

రెండు మాటలు నోట రానీయకుడి

మన పాతబస్తీలో "కాఫిర్" అను మాట ఉర్దూలో అవిశ్వాసి అను అర్థములో వినబడును. కొందరు హాస్యమునకు కూడ అందురు. దక్షిణాఫ్రికాలో ఆ మాట ఉచ్చరింపరాదు. తెల్లవారు మూడు వందల యేండ్లు నల్లవానిని ఆ మాటతోనే తొక్కిరి. 2018లో ఆ మాటను ఒక పోలీసు ఉద్యోగిపై పదేపదే ప్రయోగించిన స్త్రీకి న్యాయస్థానము జైలుశిక్ష విధించినది. "నేను వేరే అర్థములో అంటిని" అను జవాబు అక్కడ పనికిరాదు.

రెండవ మాట మన సొంత తెలుగు మాట: కూలీ. ఉస్మాన్‌గంజ్ మండీలో బస్తాలు మోయు హమాలీకి కూలి యెంతయని రోజుకు పదిసార్లు అడుగుదుము. అది మనకు న్యాయమైన సంపాదన పేరు. అక్కడ అది తిట్టు. ఓడ దిగిన మన వారిని కూలీలనిరి. దుకాణము పెట్టుకొన్నవాడు కూలీ వర్తకుడు, చదువుకొన్నవాడు కూలీ పంతులు, గాంధీగారు కూలీ బారిస్టరు. మీరు ప్రేమతోనే "మీ తాతలు కూలీలుగా వచ్చిరి కదా" అన్నను వారి ముఖము వాడిపోవును. "పనికై వచ్చిరి" అనుడి.

కులమును గూర్చి అడుగకుడి. ఓడ పత్రములలో ప్రతి మనుష్యునికి ఒక అంకె, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, దేహముపై పుట్టుమచ్చలు వ్రాయబడినవి. కులపు గడిలో క్రైస్తవులకు "క్రైస్తవుడు" అని వ్రాసిరి. అయితే ఒకే ఓడ అడుగున, ఒకే పళ్ళెపు అన్నము తిని, ఒకే కొట్టములో పండుకొన్న తరువాత ఆ గడి చాలవరకు చెరిగిపోయినది. తండ్రి పేరు ఇంటి పేరుగా మారినది. అక్కడ నాయుడు అను పేరు తెలుగు ఇంటను, తమిళ ఇంటను కలదు. ఆ పేరును బట్టి మన ఊరి లెక్కలు వేయుట వ్యర్థము. సముద్రము కడిగివేసిన దానిని మనము హైదరాబాదు నుండి మూటగట్టి మరల తీసికొనిపోవుట భక్తునికి తగదు. మన సంఘములలో సమాధుల తోట వరకు పాకియున్న ఆ జాడ్యమును ఎరిగినవారము గనుక దీనిని ఒత్తి చెప్పుచున్నాను.

"మీకు తెలుగు రాదా?" అని ఆశ్చర్యపడకుడి. తోటల బడులలో తెలుగు లేదు. అధికారులు మన వారిని తరచుగా తమిళులతో కలిపివేసిరి. 1931లో అక్కడి తెలుగువారు ఆంధ్ర మహాసభ స్థాపించుకొని, తమ ఖర్చుతో పిల్లలకు అక్షరములు నేర్పుచు వచ్చిరి. నేడు ఆరాధన చాలవరకు ఇంగ్లీషులో జరుగును. అయినను 1996 రాజ్యాంగము ఆరవ విభాగములో, గౌరవించి పెంపొందింపవలసిన ప్రజల భాషల వరుసలో తెలుగు పేరు కలదు. అక్షరక్రమము కొంచెము తప్పి "టెలెగు" అని వ్రాసినారు. వ్రాయుట మాత్రము వ్రాసినారు. వేరొక దేశపు రాజ్యాంగమందు మన భాష పేరు నిలుచుటకు కారణము చదువుకొన్న మనము కాము, చెరకు నరికిన వారు.

వర్ణవివక్ష యను గాయము

1948లో అధికారమునకు వచ్చిన ప్రభుత్వము వర్ణవివక్షను చట్టముగా మార్చినది. 1950 నాటి చట్టము ఏ జాతివాడు ఏ వీధిలో నుండవలెనో నిర్ణయించెను. డర్బనులో కేటో మేనర్ వంటి చోట్ల మన వారు తరతరములుగా కట్టుకొన్న ఇండ్లు, తోటలు, గుడులు విడిచి, 1960లలో చాట్స్‌వర్త్ అను వేరు పేటకు పోవలసి వచ్చెను. "మీ స్వస్థలమెక్కడ?" అని పెద్దవారిని అడిగినప్పుడు, వారి ఇల్లు ఏ దినమున కూల్చబడినదో మీకు తెలియదని మనస్సులో నుంచుకొనుడి.

మన దేశము 1946లోనే ఆ ప్రభుత్వముతో వర్తకము మానివేసినది. అట్లు చేసిన దేశములలో మొదటిది మనదే. ఏండ్ల తరబడి మన పాస్‌పోర్టుపై దక్షిణాఫ్రికా తప్ప తక్కిన దేశములకు అని యుండెడిది. 1990 ఫిబ్రవరి 11న మండేలా 27 యేండ్ల చెర విడిచి బయటకు వచ్చెను. 1993లో ఇరు దేశముల రాయబారము మరల కలిసినది. 1994 ఏప్రిలు 27న అన్ని జాతులవారు మొదటిసారి కలిసి ఓటు వేసిరి.

క్రైస్తవులమైన మనకు ఇందులో ఒక కఠినమైన పాఠమున్నది. వర్ణవివక్షకు వాక్యాధారము చూపినవారు బైబిలు చదువని వారు కారు. డచ్చి రిఫార్మ్‌డ్ సంఘపు పండితులే వేదాంత గ్రంథములతో దానిని సమర్థించిరి. దానిని ఎదిరించినవారును బైబిలు చేత పట్టుకొన్నవారే. 1984లో నోబెల్ బహుమానము పొందిన డెస్మండ్ టూటూగారు ఆ తరువాత సత్య సమాధాన కమిషనుకు అధ్యక్షుడై, చంపినవానిని, చచ్చినవాని తల్లిని ఒకే గదిలో కూర్చుండబెట్టి సత్యమును చెప్పించెను. ఒకే గ్రంథము ఒకనికి గోడ, వేరొకనికి ద్వారమాయెను. గ్రంథము మన చేతిలో నున్నదని నిశ్చింతగా నుండుటకు వీలు లేదు. దానితో మనము ఏమి కట్టుచున్నామో చూచుకొనవలెను.

నల్లవారికిని మన వారికిని మధ్య జరిగిన చెడ్డ దినములను కూడ తెలిసికొనుడి. 1949 జనవరిలో డర్బనులో జరిగిన అల్లరులలో 142 మంది చనిపోయిరి. 1985లో గాంధీగారి ఫీనిక్సు ఆశ్రమము కాలిపోయెను. తరువాత అది తిరిగి కట్టబడినది. 2021 జూలై అల్లరులలో దేశమందు 350 మందికి పైగా మరణించిరి. ఫీనిక్సు పేటలో చనిపోయినవారు అనేకులు నల్లవారు. కావున మన వారి ఇంట భోజనపు బల్ల వద్ద నల్లవారిని గూర్చి చులకన మాటలు వినబడవచ్చును. ఆ మాటలకు భయము, అనుభవము కొంత కారణము. మన నలుపు తెలుపుల వ్యాధి కొంత కారణము. వారికి తీర్పు తీర్చకుడి, వంత పాడకుడి. పెండ్లి సంబంధములలో పిల్ల రంగు చూచు మనకు ఆ దేశమునకు పోయి వర్ణవివక్షను ఖండించు హక్కు సగమే యుండును.

ఆఫ్రికా మనకు పరదేశమని చెప్పవద్దు. మాసాబ్‌ట్యాంకు ప్రక్కన ఏ.సి. గార్డ్స్ అను పేట కలదు. ఆ పేరు నైజాము కొలువులోని ఆఫ్రికను అశ్వికదళము నుండి వచ్చినది. వారి సంతతియైన సిద్దీలు నేటికిని మన పొరుగువారు. పాతబస్తీ బరాతులలో మ్రోగు మర్ఫా వాయిద్యములో వారి చేతివాటమున్నది. ఓడలు అటు నుండి ఇటును, ఇటు నుండి అటును తిరిగినవి.

అక్కడ నడుచుకొనవలసిన తీరు

జూలూలు పలకరింపు లేకుండ మాట ఆరంభింపరు. దుకాణములో ధర అడుగకముందు "సావుబోనా" అనుడి. "నిన్ను చూచుచున్నాము" అని దాని భావము. "యేబో" అని జవాబు వచ్చును. ఏదైన పుచ్చుకొనునప్పుడు రెండు చేతులతో గాని, కుడిచేతికి ఎడమచేయి ఆనించి గాని పుచ్చుకొనుట మర్యాద. పెద్దల యెదుట మనము చేయునదే. వారి జాతీయ గీతము 1897లో ఇనోక్ సొంటొంగా అను మిషను బడి ఉపాధ్యాయుడు కట్టిన ప్రార్థనా గీతముతో ఆరంభమగును. వినబడినప్పుడు లేచి నిలువుడి.

డర్బను విక్టోరియా వీధి మార్కెట్టు చూడదగినది. మన బేగంబజారు మసాలా అంగళ్ళను అది జ్ఞప్తికి తెచ్చును. బన్నీ చౌ అని ఒక ఆహారము కలదు. రొట్టె మధ్య తొలిచి అందులో కూర నింపుదురు. పేరు విని కుందేలు మాంసమనుకొనకుడి. పళ్ళెము అక్కరలేని పనివాని భోజనమది. పీటర్మారిట్స్‌బర్గ్ రైలు స్టేషనును దర్శింపుడి. 1893 జూన్ 7వ తేదీ రాత్రి గాంధీగారిని మొదటి తరగతి పెట్టె నుండి దింపివేసిన చోటది. ఆ ఊరిలో 1993లో ఆయన విగ్రహమును ఆవిష్కరించినది టూటూగారే.

కడపటిగా, మీ పెట్టెలో రెండు వస్తువులు పెట్టుకొనుడని కోరుచున్నాను. మొదటిది, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము. మాటలు మరచిన వృద్ధులు రాగము మరువరు. మీరు ఎత్తుకొన్న కీర్తనకు ఒక అవ్వ పెదవి కదిపిన చాలును. రెండవది, మన తెలుగు జిల్లాల వివరమైన పటము. ఓడ పత్రముల నకళ్ళు పట్టుకొని, ఇంగ్లీషు గుమాస్తా వినినట్లు వ్రాసిన ఊరి పేరు చూపి, "ఈ గ్రామము ఎక్కడ నున్నది?" అని మిమ్మును అడుగువారుందురు. ముత్తాతకు ఆ కాగితము తప్ప వేరు సమాధి లేని కుటుంబములు అనేకము. తొందరపడి ఏదో ఒక ఊరు చెప్పకుడి. పేరును, తాలూకాను జాగ్రత్తగా వ్రాసికొని రండి. శ్రీకాకుళములో, విశాఖలో, కాకినాడలో, నెల్లూరులో మనకు తెలిసిన సంఘములున్నవి, కాపరులున్నారు, ఉత్తరము వ్రాసి విచారించుదము. ఒక్క కుటుంబమునకైనను ఒక ఊరు దొరికి, ఆ ఊరిలో ఒక పెద్ద "అవును, మా ఇంటి నుండి ఒకడు ఓడ యెక్కెనని మా తాత చెప్పెడివాడు" అనిన యెడల, మీ ప్రయాణపు ఖర్చుకు ప్రతిఫలము దొరికినట్లే.

ప్రభువు మీ రాకపోకలను కాపాడును గాక.